తాత కత్తి మీద ఓడ

ముందు ఒక మాట తేల్చి చెప్పండి. తాత గడ్డం గీసుకున్న కత్తి మనవడికే పోవాలని ఏ రాజ్యాంగంలో రాసుండాది? మనవరాలు ముట్టుకుంటే దానికి తుప్పు పడుతుందా? నవ్వద్దండీ. మొన్న మా ఇంట్లో ఈ ప్రశ్న మీదే యుద్ధం జరిగింది. గెలిచింది నేనే, ముక్కాలు వంతు. మిగిలిన పావు వంతు కోసమే ఇప్పుడు మీ ముందు నిలబడినాను.

మా తాతకు ఒక మడత కత్తి ఉండేది. మంగలి కత్తి మాదిరిదే గానీ దొరల సీమ నుంచి వచ్చిన సరుకు. నగరిలో రైలెక్కి మద్రాసు పోయి కొనుక్కోనొచ్చినాడంట. దాని అలుగు మీద, అంటే గీసే రేకు మీద, సన్నగా చెక్కిన తెరచాపల ఓడ, కింద అలలు. తాత మూతికి నురగ పూసుకోని, "ఓడ బయల్దేరతాంది, జరుగు పాపా" అంటా గీసుకుంటుంటే, పక్కన పీటేసుకోని చూసేదాన్ని. ఆయన పోయినాక అది బీరువా అడుగున పడి తుప్పు పట్టింది.

మొన్న మా అన్న దాన్ని బయటికి తీసినాడు. "సానోడికిస్తా. చక్రానికి ఆనిస్తే అద్దం మాదిరి మెరుస్తాది."

"మరి ఓడ?" అన్నాను.

"ఓడ ఏంటికి మే? గడ్డం గీసేది కత్తా, ఓడా?"

ఇంక ఊరుకుంటానా! ఆ చెక్కుడు వెంట్రుకంత లోతు కూడా ఉండదు. సానచక్రం ఒక్కసారి తగిలితే ఓడ మునిగినట్టే. నాయన ముందు పంచాయతీ పెట్టినాను. డిబేట్లలో కప్పులు గెలిచిన నోరు కదా, నాయన చేతులెత్తేసినాడు. "సరే, నువ్వే బాగు చెయ్. ఓడ చెరక్కుండా తుప్పు పోతే కత్తి నీది. లేదంటే సానోడికే."

కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడిస్తే పైపై తుప్పు ఊడొచ్చింది. మొన దగ్గర, వీపు దగ్గర మాత్రం మొండికేసింది. అప్పుడు తట్టింది నాకు ఆ అద్భుతమైన ఐడియా! ఓడ మీద నెయిల్ పాలిష్ దట్టంగా పూసేస్తే దాన్ని ఏదీ తాకలేదు. మిగతా అలుగుకు చింతపండు, ఉప్పు. శుక్రవారం ఇత్తడి సామాన్లు తోమేది దాంతోనే కదా? కుందులు తళతళలాడితే కత్తి ఎందుకు మెరవదు? లాజిక్‌లో తప్పేముంది, చెప్పండి!

పాలిష్ పూసినాను. ఆరిందా అని బొటనవేలితో నొక్కి చూసినాను. ఆరలేదు. అదే వేలితో అలుగును ఇంకోచోట పట్టుకున్నాను. అంత చిన్న విషయం ఎవరు పట్టించుకుంటారు? చింతపండు గుజ్జు మెత్తేసి, పది నిమిషాలు ఆగుదామనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అన్న తొంగి చూసి, "ఆ కత్తితో ఏం చేస్తావు మే, బెండకాయలు తరగతావా?" అన్నాడు.

అంతే! ఆస్తి చట్టంతో మొదలుపెట్టి, వంటింటి మీదుగా, ఆడవాళ్ళు విమానాలు నడపతా ఉండారనే దాకా వచ్చినాను. అన్న ఒక్కో అడుగే వెనక్కేసి వరండాలోకి, వరండాలో నుంచి వీధిలోకి పోయినాడు. పక్కింటోళ్ళు కూడా నా పక్షమే! నేను ఆడ గెలస్తా ఉండా, కత్తి ఈడ నల్లబడతా ఉండాది.

పరిగెత్తుకోని వచ్చి కడిగితే తుప్పు పోయింది, నిజమే. దాంతోపాటు మెరుపూ పోయింది. అలుగంతా దోసె పెనం రంగు! రిమూవర్ తీసి పాలిష్ తుడిచినాను. ఓడ! తెరచాపలు, తాళ్ళు, అలలు, ఉన్నవి ఉన్నట్టే ఉండాయి. ఎగిరి గంతేసినాను. కాళ్ళు నేలకు తగిలేలోపల ఇంకొకటి కనిపించింది. ఓడకు ఎదురుగా, నల్లటి ఉక్కు మీద తెల్లగా, గీతల్తో సహా నా బొటనవేలి ముద్ర! వేలికంటిన పాలిష్ దాన్నీ అంతే భద్రంగా కాపాడింది. బూడిదతో రుద్దినా, పళ్ళపొడితో రుద్దినా పోదు!

అవ్వ చూసి బుగ్గలు నొక్కుకుంది. "మీ తాత నాలుగో తరగతితో మానేసినా సంతకమే పెట్టేటోడు. నువ్వు ఎం.ఏ. చదవతా వేలిముద్ర ఏసినావా మే!"

"సూడు నాయనా, పాడు చేసి పెట్టింది!" అన్నాడు అన్న.

"ఆగన్నా. షరతేంది? ఓడ చెరగకూడదు. చెరిగిందా? తుప్పు పోవాల. పోయిందా, లేదా? రంగు గురించి ఎవరైనా మాట్లాడినారా?"

నాయన కళ్ళజోడు పెట్టుకోని అలుగును వెలుతురుకు తిప్పినాడు. తెరచాపల మీద వేలితో తడిమినాడు. "ఓడ ఉండాది," అన్నాడు. నేను విజయగర్వంతో తలెత్తేలోపల, "కానీ పాపా, కత్తి బాగైందంటే గడ్డం గీయాల కదా?" అనేసినాడు.

"ఎందుకు గీయదు? రాయి మీద నూరినాను, తోలు మీద పదును పెట్టినాను. సూడు!" ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూపించినాను. నున్నగా వచ్చింది. "రండి, ఎవరు కూర్చుంటారు?"

అన్న రెండు చేతుల్తో గొంతు పట్టుకున్నాడు. నాయన గడ్డం తడుముకోని, "నాకు పొద్దన్నే అయిపోయిందమ్మా," అన్నాడు. ఆఖరి తీర్పు కూడా ఆయనే ఇచ్చినాడు. "ఆదివారం లోపల ఒక మనిషి గడ్డం నెత్తురు రాకుండా గీసి చూపించు. లేదంటే సానోడే దిక్కు."

నాకే గడ్డం మొలిచుంటే మిమ్మల్ని అడిగేదాన్నే కాదు. ఆ ఆస్తి కూడా మా అన్నకే పోయింది! కాబట్టి మహిళా దినోత్సవం నాడు ముందు వరసలో కూర్చోని చప్పట్లు కొట్టే మగ మిత్రులారా, చప్పట్లు చాలు. ఒక గడ్డం ఇవ్వండి. ఆదివారం పొద్దన్నే మా ఇంటికి రండి. పటిక, దూది, కొబ్బరినూనె అన్నీ తయారుగా ఉండాయి. కదలకుండా కూర్చోండి, అదొక్కటే మీ పని. జలుబున్నోళ్ళు మాత్రం దయచేసి రావద్దండి.