దూకింది బార్ ఒక్కటే

నేను జమ్మలమడుగులో ఇంటర్ చదివే రోజుల్లో మా పల్లెలో ఒక్క పార్టీయే ఉండేది. రెండోదానికి ఓటేసినవాళ్లను ఊళ్లో ఉండనిచ్చేవాళ్లు కాదు.

ప్రొద్దుటూరు పోటీల్లో హైజంప్‌లో నాకు మొదటి బహుమతి వచ్చింది. పతకం వేసిన రెండో పార్టీ నాయకుడు శాలువాకు బదులు తన పార్టీ కండువా నా మెడలో వేశాడు. సంతోషంలో దాని రంగు కూడా చూసుకోకుండా అలాగే బస్సెక్కి ఊళ్లో దిగాను.

కాసేపటికే మా ఊరి నాయకుడి మనుషులు ఇంటికొచ్చారు. వాళ్లలో ఒకడు మా నాన్నను అడిగాడు.

“ఏందప్పా, నీ కూతురు దూకిందంట?”

మా వైపు పార్టీ మారడాన్ని కూడా దూకడమే అంటారు.

“దూకింది. దూకేదానికే పోయింది” అన్నాడు నాన్న.

“తమాషా చేస్తాండావా? మెడలోవి రెండూ పొయ్యిలో ఎయ్యమను.”

కండువా తీసి పొయ్యిలో పడేశాను. పతకం తీయబోతుంటే నాన్న నాకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“అది ఏ పార్టీ ఇయ్యలేదు. నా బిడ్డ ఎగిరి తెచ్చుకునింది. కావాలంటే నన్ను పొడిచి తీసకపోండి.”

వాళ్లు పతకం వదిలేశారు. పోతూ పోతూ వాకిట్లో నీళ్ల కుండను తన్ని పగలగొట్టారు.

ఆ కండువా కప్పినవాడికి నేను గుర్తుండను కూడా. తర్వాత పులివెందులలోనూ గెలిచాను. ఇప్పటికీ ఎవరైనా సన్మానం అంటే, వాళ్ల చేతుల్లో ఏముందో చూశాకే తల వంచుతాను.