లేని మూఢం

నా చిన్నప్పుడు అంటే గోళీలాడే వయసనుకునేరు. మీసం మొలిచీ మొలవని పదిహేడేళ్ళు. అయినా ఇప్పుడీ గురుగ్రామ్‌లో, మా అబ్బాయి ఫ్లాటు బాల్కనీలో కూర్చుని వెనక్కి చూస్తే అదీ చిన్నతనమే అనిపిస్తుంది. మొన్న మావాడు కొత్త కారు కొన్నాడు. ఫోన్లోనే చూశాడు, ఫోన్లోనే బుక్ చేశాడు, రిబ్బను కట్టించుకుని అది కింద పార్కింగ్‌లోకి వచ్చి నిలబడింది. మనవడు నా ఒళ్ళోకి ఎక్కి, "తాతయ్యా, ఆప్‌కీ పహలీ కార్ కౌన్‌సీ థీ?" అని నా మొదటి కారు గురించి అడిగాడు. వాడికి తెలుగు బాగానే అర్థమవుతుంది, నోరు మాత్రం హిందీలో తెరుస్తాడు. పాత డొక్కు కారురా అని చెప్పి తప్పించుకున్నాను. చిన్నపిల్లాడికి అంతకంటే ఏం చెప్పను?

మా నాన్నగారిది ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. తిమార్‌పూర్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వరసలో స్కూటరున్న ఇంటిని వేలుపెట్టి చూపించే రోజులవి. నాకేమో కార్ల పిచ్చి. కాలేజీ నుంచి వస్తూ రోడ్డు పక్క మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడిపోయేవాణ్ణి, చీకటి పడ్డాక చొక్కానిండా గ్రీజుతో ఇల్లు చేరేవాణ్ణి. నాకొక పాత కారు కొనిపెట్టండి, నేనే బాగుచేసుకుంటాను అని నాన్నగారి ప్రాణం తీశాను. లైసెన్సు వయసే రాలేదు, ఆలూ లేదు చూలూ లేదు అని మా అమ్మ దెప్పేది. చివరికి విసిగిపోయి నాన్నగారు, నడిచే కారు కొనే తాహతు మనకి లేదు, నడవనిదైతే ఆలోచిద్దాం అన్నారు. ఆ మాటకి నేను గాల్లో తేలిపోయాను.

ఆ నడవని కారు ముఖర్జీ నగర్‌లో దొరికింది. ఇప్పుడక్కడ కోచింగ్ సెంటర్లూ, పీజీ గదులూ, పుస్తకాల సంచులేసుకున్న పిల్లలూ తప్ప మనిషి అడుగు పెట్టే చోటు లేదు గానీ, అప్పట్లో మధ్యాహ్నమైతే కుక్క కూడా కనపడేది కాదు. ఒక సందులో, కింది వాటా ఇంట్లో ఒక పంజాబీ దంపతులుండేవారు. ఆయన్ని అందరూ బాబూజీ అనేవారు, ఆవిడ మాకు ఆంటీ. పాలబూత్ దగ్గర నాన్నగారికి రోజూ కనపడేవారు. గేటు ముందు టార్పాలిన్ కప్పుకుని ఆయన కారు ఉండేది. ఆకుపచ్చది, గుండ్రటి లైట్లు, స్టీరింగ్ పక్కనే గేరు. నడవడం మానేసి ఏళ్ళయింది. అయినా ఆయన రోజూ పొద్దున్నే టార్పాలిన్ తీసి, అందులో కూర్చునే పేపరు చదివేవాడట. ఆంటీ టీ కూడా అక్కడికే పట్టుకెళ్ళేదట.

మేం వెళ్ళేసరికి బాబూజీ మంచం పట్టాడు. కడుపులో కేన్సరు. మంచాన్ని ముందుగదిలో కిటికీ దగ్గరికి జరిపించుకున్నాడు, కారు కనపడాలని. కారు అమ్ముతున్నది ఆంటీ, మందుల కోసం. ఆ సంగతి ఆయనకి తెలియదు. ఆవిడ మమ్మల్ని వెనక వంటింట్లోకి తీసుకెళ్ళి మాట్లాడి, డబ్బు పుచ్చుకుంది. గొంతు తగ్గించి, ఆయన నిద్రపోతున్నప్పుడు ఎప్పుడైనా తీసుకెళ్ళిపోండి భాయీసాబ్, నేను ఏదో ఒకటి చెప్పుకుంటాను అంది. అంటున్నంతసేపూ కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది. ఇంకొన్నాళ్ళు ఉంచండి అని అడగాలనుందని నాకే తెలిసిపోయింది. డబ్బు పుచ్చుకున్నాక అడగడానికి ఆవిడకి నోరు రాలేదు.

నాన్నగారు ఎక్కడ లేని వినయమూ తెచ్చిపెట్టుకుని ఒక అబద్ధం ఆడారు. "బెహన్‌జీ, మా తెలుగువాళ్ళకి ఇప్పుడు మూఢమని చెడ్డరోజులు నడుస్తున్నాయి. ఈ రోజుల్లో కొన్న బండి ఇంటికి తెస్తే మాకు అరిష్టం. అది వెళ్ళేదాకా మీ గేటు ముందే ఉండనిస్తే మాకు పెద్ద ఉపకారం. మావాడు వచ్చి ఇక్కడే పని చేసుకుంటాడు," అని చేతులు జోడించారు.

మూఢమంటే మనవాళ్ళందరికీ తెలిసిందే. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరై కనపడకుండా పోయే రోజులు. పెళ్ళిళ్ళు చెయ్యం, కొత్త వస్తువు ఇంటికి తెచ్చుకోం. పాపం ఆవిడకి ఇవన్నీ ఏం తెలుసు? "అచ్ఛా? అయ్యో, అలాగైతే ఎన్నాళ్ళైనా ఉంచుకోండి," అంది. ఆవిడే మాకు ఉపకారం చేస్తున్నట్టు ముఖం ఒక్కసారి తేటపడింది. బాబూజీకి మాత్రం, తిమార్‌పూర్ అబ్బాయి పని నేర్చుకోవడానికి వస్తున్నాడు, ఊరికే బాగుచేసి పెడతాడు, మీరు లేచాక హరిద్వార్ వెళ్దాం అని చెప్పింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొన్న కారు, నా మొదటి కారు, ఇంటికి తెచ్చుకోవడానికి లేదు! మా నాన్నగారు శనివారం జుట్టు కత్తిరించుకునే రకం, అమావాస్యనాడు ప్రయాణం పెట్టుకునే రకం. ఆయన నోట మూఢమా? దారిపొడుగునా సణిగాను. మనింట్లో తిథులూ వర్జ్యాలూ ఎవరు చూశారు, ఉన్నమాట చెబితే పోయేదిగా అన్నాను. ఆయన గాంధీ విహార్ మలుపు దగ్గర ఆగి, "ఉంచుకోండమ్మా అని మనమంటే, మనం జాలిపడి ఇచ్చామనుకుంటుందిరా ఆవిడ. కష్టంలో ఉన్నవాళ్ళచేత అడిగించుకోకూడదు," అన్నారు. అప్పుడు నాకది తలకెక్కలేదు. మూతి ముడుచుకునే ఇంటికొచ్చాను.

ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. ఒక్కోసారి నాన్నగారూ వచ్చి స్టూలు వేసుకుని కూర్చునేవారు. కారు అడుగు తుప్పుపట్టి, కాళ్ళకింద రోడ్డు కనపడేది. పెట్రోలు టాంకులో మడ్డి. ఇంజను పట్టేసి గుండ్రాయిలా కూర్చుంది. ప్లగ్గులు విప్పి, నాలుగు చుక్కల నూనె పోసి, నానబెట్టి, ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పాలి. చేతులు బొబ్బలెక్కేవి. బాబూజీ కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. ఓపిక ఉన్నరోజు, అటు తిప్పకు బేటా, దానికి కోపమొస్తుంది అని హిందీలో హెచ్చరించేవాడు. ఓపిక లేనిరోజు వేలు మాత్రం ఎత్తేవాడు. రానురాను ఆ వేలు ఎటు చూపిస్తుందో చూసుకునే పని చెయ్యడం అలవాటైంది. నా సణుగుడు కూడా తగ్గింది. ఆయన ఒంట్లో మాంసం కరిగిపోతుంటే, ఆయన కారుని నేను బతికించుకుంటున్నానని లోపల ఎక్కడో సిగ్గుగా ఉండేది.

ఒక ఆదివారం. మాఘమాసం ఎండ. పొద్దున్నంతా మంచు, పదకొండు దాటాక గానీ సూర్యుడు కనపడలేదు. ఆంటీ మందుల షాపుకి వెళ్ళింది. కిటికీ రెక్కలు బార్లా తీసి, బాబూజీ దిండుకి ఆనుకుని ఎండ కాచుకుంటున్నాడు. నేను బానెట్ కింద తలదూర్చి ఉన్నాను. నాన్నగారు స్టూలు మీద ఉన్నారు. ఇంతలో కూరల సంచితో మా పై క్వార్టరు తెలుగాయన అటువైపు వచ్చారు. చుట్టరికం లేకపోయినా మేమాయన్ని మావయ్యగారూ అనేవాళ్ళం. మంచి మనిషే. కాకపోతే పంచాంగం ఆయనకి కంఠస్థం, నోట్లో నువ్వుగింజ నానదు. ఢిల్లీలో ఉన్న తెలుగువాళ్ళందరి మంచిచెడ్డలూ తనే చూడాలనుకునే మనిషి.

"ఏమండోయ్, కారు కొన్నారట, ఇంటికి తెచ్చుకోరేం?" అన్నారు. నాన్నగారు కళ్ళతో సైగ చేశారు. ఆయనకి అర్థం కాలేదు. ఏదో మూఢమని చెప్పారటగా, మా ఆవిడ చెప్పింది, ఇప్పుడు మూఢమేమిటండీ, శుక్రుడు నిక్షేపంలా ఉంటేనూ అని నవ్వారు. అదంతా తెలుగులో కాబట్టి ఇంకా బతికే ఉన్నాం. అంతటితో పోతే బాగుండేది. ఒక తెలుగువాడు పంచాంగం తప్పు చెబితే ఆయన ఎలా ఊరుకుంటారు? నాన్నగారు లేచి చెయ్యి పట్టుకునేలోగా కిటికీకేసి తిరిగి, తనకొచ్చిన హిందీలో పంచాయితీ పెట్టేశారు. "బాబూజీ, ఆప్ హీ బోలో. కార్ ఖరీద్ లియా, పైసా దే దియా, అబ్ ఘర్ లేకే జానేకో డర్‌తా హై! బురా టైమ్ కుచ్ నహీ హై. గురువార్ బహుత్ అచ్ఛా దిన్!" చెడ్డరోజులేం లేకపోయినా, డబ్బిచ్చి కొన్న కారుని ఇంటికి తీసుకెళ్ళడానికి జంకుతున్నాడని బాబూజీకే ఫిర్యాదు!

స్పానరు నా చేతిలోంచి జారి ఎక్కడో ఇంజను సందులో పడింది. మావయ్యగారు మాత్రం ఓ మంచిపని చేసినట్టు తలాడించుకుంటూ, సంచి ఇటుచేతి నుంచి అటుచేతికి మార్చుకుని వెళ్ళిపోయారు.

బాబూజీ కారుకేసి చూశాడు. నాకేసి చూశాడు. నేను తల దించుకున్నాను. నాన్నగారు కిటికీ దగ్గరికి వెళ్ళి చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు బాబూజీ అడిగాడు, అమ్మింది ఆమేనా అని. నాన్నగారు తలూపారు. "ఆమెకి దుకాణంలో కూరగాయలు బేరమాడటమే రాదు," అన్నాడు బాబూజీ. నవ్వాలని చూశాడు గానీ దగ్గొచ్చింది. కళ్ళలో నీళ్ళు దగ్గువల్లో మరెందువల్లో నేను చెప్పలేను. తగ్గాక చెయ్యి చాపి, చువ్వల మీదున్న నాన్నగారి చేతిని పట్టుకున్నాడు. "నాకు తెలిసిందని ఆమెకి తెలియకూడదు. మీ ఆ చెడ్డరోజులు ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి, భాయీసాబ్," అన్నాడు.

అంతలో సందు చివర ఆంటీ కనపడింది. గబగబా వస్తోంది, మందుల పొట్లం గుండెకి ఆనించుకుని. లోపలికి వచ్చీ రాగానే ఆయన, కుర్రాడు బాగా చేస్తున్నాడు, హోలీకి ముందే హరిద్వార్ వెళ్ళొచ్చు అన్నాడు. "హాఁ జీ, ఎందుకు వెళ్ళం," అని ఆవిడ మందు గ్లాసులో పోసింది. ఆ ఇద్దరూ అలా మాట్లాడుకుంటుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బానెట్ కింద తల పెట్టేసి, పడిపోయిన స్పానరు కోసం వెతుకుతున్నట్టు నటించాను. చాలాసేపు వెతికాను.

కథల్లో అయితే ఆ ఇంజను ఆయన వింటుండగా స్టార్టయ్యేది. కాలేదు. హోలీకి ముందే బాబూజీ పోయాడు. అప్పటిదాకా నాన్నగారి మూఢం నడుస్తూనే ఉంది. మావయ్యగారు రెండుమూడుసార్లు అడిగితే, మా పంచాంగం వేరులెండి అనేశారు. ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. తన నోటివల్ల ఏం జరిగిందో ఆయనకి చివరిదాకా తెలియనే తెలియదు.

పదమూడో రోజు కార్యక్రమాలు అయ్యాక తాడు పట్టుకుని కారు కోసం వెళ్ళాం. తెల్లదుపట్టా కప్పుకుని ఆంటీ గేటు దగ్గరే నిలబడి ఉంది. తాళాలు నా చేతిలో పెట్టింది. పెట్టి, వదల్లేదు. "నువ్వు ఎప్పుడూ ఇక్కడే ఉండేవాడివిగా బేటా. నిజం చెప్పు. ఉన్‌కో పతా తో నహీ చలా నా?" అంది. ఆయనకి తెలియలేదు కదా అని ఆవిడ అడుగుతోంది. నాన్నగారిని అడగలేదు, నన్నే అడిగింది. పిల్లవాడు అబద్ధమాడడనుకుంది కాబోలు. ఆవిడ కళ్ళు చూస్తే నాకు భయమేసింది. నేను తెలిసిందంటే, ఆ మనిషి మిగిలిన బతుకంతా ఏమైపోతుందో పదిహేడేళ్ళవాడికి కూడా తెలిసిపోయింది. పక్కనే ఉన్న నాన్నగారు నాకేసి చూడలేదు. జవాబు నాకే వదిలేశారు.

"నహీ ఆంటీ," అన్నాను. "ఆఖరి ఆదివారం కూడా కార్బొరేటర్ ఎప్పుడు బిగిస్తావని అడిగారు."

తాళాలు వదిలేసింది. గేటు పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఒక్క తృప్తి చాలు నాకు అంది. కారుని తాడుకట్టి లాక్కొచ్చాం. నా మొదటి కారు మా క్వార్టరు ముందుకొచ్చిన రోజున నేను అన్నం ముట్టలేదు. అమ్మ ఎందుకని అడిగితే నాన్నగారే ఏదో సర్దిచెప్పారు.

కారు ఏడాదికి గానీ నడవలేదు. నడిచింది, చాలా ఏళ్ళు నడిచింది, తుక్కుకింద పోయింది. ఆంటీ కూడా చాలా ఏళ్ళు బతికింది. వెళ్ళినప్పుడల్లా పరోఠా పెట్టి, ఆయన తెలియకుండానే వెళ్ళిపోయారు, దేవుడు నన్ను కాపాడాడు అనేది. అవునాంటీ అనేవాణ్ణి. ఎన్నిసార్లన్నా ఆ మాట నాకు అలవాటు కాలేదు. ఇప్పుడు ఆవిడా లేదు, నాన్నగారూ లేరు.

పోయినేడు మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇక చేసేదేమీ లేదని చెప్పాడు. లోపలికొచ్చాను. ఏమన్నారని అడిగింది. వచ్చేవారం ఇంటికి పంపేస్తారట అన్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత దుప్పటి సర్దుకుని, పొద్దున్నుంచీ మీరేం తినలేదు, కిందకెళ్ళి తినిరండి అంది. నా మాట నమ్మిందో, నాకోసం నమ్మినట్టు ఊరుకుందో తెలియదు. అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అలాంటిది అడగకూడదని నాకు పదిహేడేళ్ళకే తెలుసు. కిందకి వెళ్ళి, ఆమె తినమంది కాబట్టి, తిన్నాను.