చేవెళ్ల పెళ్లికి రెండంతస్తుల కేకు

మొయినాబాద్‌లో మా ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను. ఆ రిసెప్షన్ ఆర్డరు చేవెళ్లలో కిరాణా షాపు నడిపే కుటుంబానిది. గుడ్డు వేయొద్దన్నారు, సరే. ఎంతమందికి చేయాలని అడిగితే పెళ్లికూతురి తండ్రి తేలిగ్గా అన్నాడు: "పిల్లలకు దొరికితే సాలు మేడం. మా పెద్దోళ్లు కేకు ఏడ తింటరు?"

ఆ మాట నమ్మి రెండంతస్తులతో సరిపెట్టాను. మూడోది కూడా వేద్దామని మనసు పీకింది కానీ, మిగిలితే నన్నే అంటారని ఊరుకున్నాను.

తీరా హాల్లో జంట కేకు కోయగానే జనమంతా లేచారు. అందరికంటే ముందు ముసలివాళ్లే. లైను భోజనాల దాకా పోయింది. ఆ తండ్రి మీద నాకు ఒళ్లు మండింది. పై అంతస్తు తీసి పక్కన పెట్టి కిందిది కోస్తున్నాను. ఆ ముక్కలు సగం మందికి కూడా రావు.

అప్పుడు పెళ్లికూతురి నాయనమ్మ స్టేజీ ఎక్కి నా చేతిలోని కత్తి తీసుకుంది.

"గంత గంత ముక్కలెందుకు బిడ్డా? చెంచా ఇయ్యి."

వచ్చినవాళ్ల కుడి అరచేతిలో చెంచాడు చొప్పున పెడుతూ పోయింది. ఇంకొంచెం కావాలని ఎవరూ అడగలేదు. లైను అయిపోయేసరికి పై అంతస్తు అలాగే ఉంది. నేను కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకున్నాను.

చివరగా వచ్చిన పెద్దాయన కేకును కళ్లకద్దుకుని తిన్నాడు. తర్వాత, తీర్థం పుచ్చుకున్నట్టే, ఆ చేతిని తలకు రాసుకున్నాడు. నెరిసిన జుట్టుకు నా గులాబీ రంగు క్రీము అంటుకుంది.