పెద్దాయన చేతి ఉప్పు
తిరుపతి బస్టాండుకు రెండు ఫర్లాంగుల దూరంలో, శనివారాలు పదకొండున్నరకు, మా భజన సంఘం మూడు వందలమంది యాత్రికులకు సాంబారన్నం పెట్టేది. నైవేద్యానికి ముందు రుచి చూడకూడదు గనుక, ఉప్పు వేయడం, చేతి కొలత తప్పని సంఘం పెద్దాయన ఒక్కరి పని.

డెబ్బై తొమ్మిదో ఏట ఆయనకు చూపు మందగించింది. కొలత నేర్పమని అడిగాను.

"నేనుండంగా నీకేం తొందరప్పా? నన్ను పాడె మీద సూడాలనా?" అని అందరినీ నవ్వించారు.

ఆషాఢంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. మంచం దగ్గరికి వెళ్లి అడిగితే మాట రాలేదు, కుడిచెయ్యి లేవలేదు. ఆ శనివారం మేమే అంచనాగా ఉప్పు వేశాం. నైవేద్యమయ్యాక వడ్డిస్తే, ఎవరూ రెండో ముద్ద తినలేకపోయారు.

దేవుడికే ఉప్పుకషాయం పెట్టామన్న భయంతో, ఆ తర్వాత ఉప్పు వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. నెల తిరక్కుండానే వంట ఆగిపోయింది.

పోయినవి: ఆ రోజు పారబోసిన రెండు గంగాళాల అన్నం, పన్నెండుమంది సేవ, వారానికి మూడు వందల భోజనాలు.