టార్చి బాబాయి - కనిపించని తోట

టార్చి బాబాయి పట్టపగలు కూడా టార్చిలైటు పట్టుకునే తిరిగేవాడు. చూపు బాగానే ఉంది. సినిమా హాల్లో ముప్ఫై ఏళ్ళు జనాన్ని చీకట్లో సీట్ల దగ్గరికి చేర్చిన చెయ్యి ఊరికే ఉండమంటే వినలేదు, అంతే. హాలు మూతపడ్డాక కూరగాయల కొట్లో వంకాయల మీద లైటు వేసి ఏరుకునేవాడు. ఇంటికి చుట్టాలొస్తే, తను వెలుగు వేసి చూపించిన కుర్చీలో తప్ప కూర్చోనిచ్చేవాడు కాదు. అన్నేళ్ళున్నా ఆయన ఒక్క సినిమా కూడా కూర్చుని చూడలేదు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు చూడనిస్తే కదా.

ఆయన భార్యను అందరూ బుకింగ్ పిన్ని అంటారు. అదే హాల్లో, చెయ్యి మాత్రమే పట్టే కంత వెనక కూర్చుని టికెట్లు అమ్మింది. ఊళ్ళో సగం మంది చేతులు ఆమెకు కొట్టినపిండి, మొహాలే తెలియవు. వీధిలో ఎవరైనా పలకరిస్తే, "ఏదీ, చెయ్యి చూపించు" అనేది. చూపిస్తే టక్కున గుర్తుపట్టి, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో అడిగేది.

హాలు పోయాక ఇద్దరూ ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో, వెనక వాటాలోకి మారారు. పడగ్గదికి గోడంత కిటికీ. కిటికీ అవతల ప్రహరీ దాకా బోడి నేల.

"ఇన్నాళ్ళూ చేతులే చూశానండీ," అంది పిన్ని ఒకరోజు. "ఇంత కిటికీ దొరికింది. ఇందులోంచి ఏదైనా నిండుగా చూడాలనుంది."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అక్కడ పూలతోట వెయ్యాలని బాబాయి ఆ పూటే నిశ్చయించుకున్నాడు.

ఆ నేల మీదే అపార్టుమెంటు సెక్రటరీ కన్ను కూడా పడింది. సిమెంటు పోయించి స్కూటర్లు పెట్టించాలని ఆయన పంతం. తోట ఉన్నచోట సిమెంటు పోయకూడదని మునిసిపాలిటీ నియమం. "ఉంటే కదా తోట," అని సెక్రటరీ నవ్వి, వచ్చి చూసిపొమ్మని ఆఫీసరుకు కబురు పెట్టాడు.

వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. బాబాయి పరుగున మొక్కలమ్మే అతని దగ్గరికి వెళ్ళాడు. అతను గోనెసంచిలోంచి లిల్లీ దుంపలు తీసి చూపించాడు.

"నాటడానికి ఇదే సమయం బాబాయ్. వానలకు మన్ను మెత్తబడి ఉంది, వేడీ పోలేదు. పురుగూ పుట్రా తగ్గింది, కలుపు పెద్దగా రాదు. చలికాలమంతా లోపల వేళ్ళు సర్దుకుంటాయి. ఎండలు మొదలయ్యేసరికి, అప్పుడు నాటినవాటికంటే ఇవే ముందు లేస్తాయి."

"అంటే ఆట మొదలవకముందే సీట్లలో కూర్చోబెట్టడమన్నమాట."

"అట్లాగే అనుకో. కానీ అప్పటిదాకా పైకి ఏమీ కనపడదు."

"చీకట్లో జనం మాత్రం కనపడతారా ఏమిటి," అన్నాడు బాబాయి. ఇంత తెలివైన పద్ధతి భూమి మీద ఉండగా, ఎండలొచ్చాక మొక్కలు నాటేవాళ్ళ మీద ఆయనకు ఒళ్ళు మండింది. ఆట మధ్యలో వచ్చి అందరి కాళ్ళూ తొక్కే బాపతు వాళ్ళు.

హాల్లో కుర్చీల మాదిరిగానే వరుసలు వేసి, మధ్యలో నడవ వదిలి దుంపలు నాటాడు. వరుసకో అక్షరం, దుంపకో నంబరు. సాయంత్రాలు నీళ్ళు చల్లి, నడవలో టార్చి వేసుకుని తిరుగుతూ, "మాట్లాడకండి, వెనకవాళ్ళకు వినపడదు," అని మట్టిని గదమాయించేవాడు. పైఅంతస్తుల వాళ్ళు బాల్కనీల్లోంచి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

చలి ముదిరాక ఆఫీసరు వచ్చాడు. సెక్రటరీ ఆయన్ను వెంటబెట్టుకొచ్చి నేల నడిమధ్యన నిలబడ్డాడు.

"చూడండి సార్. గడ్డిపరక లేదు."

సెక్రటరీ కాళ్ళ మీద టార్చి వెలుగు పడింది. ఆ ఎండలో అది ఉందో లేదో తెలియదు గానీ, బాబాయి గొంతు మాత్రం పాత గొంతే.

"బాబూ, బి వరుసలో నిలబడ్డావు. వెనకవాళ్ళకు అడ్డం. టికెట్టేదీ?"

సెక్రటరీ చిన్నప్పటి నుంచి ఆ హాల్లో సినిమాలు చూసినవాడే. బుర్ర వద్దంటున్నా నడుం దానంతటదే వంగింది, చెయ్యి జేబులోకి పోయి తడుముకుంది. పిన్ని కిటికీలోంచి ఆ చేతిని చూసింది.

"ఈ చెయ్యి నాకు తెలుసు. నేల టికెట్టు కొని బాల్కనీలో కూర్చునేది."

సెక్రటరీ మొహం మాడిపోయింది. వంగినవాడు వంగినట్టే నడవలోకి తప్పుకున్నాడు. బాబాయి టార్చి ఆఫీసరు వైపు తిప్పి, "ఇటు రండి సార్, కాస్త చూసుకుని," అని దారి చూపించాడు. ఆఫీసరు పక్కకు తిరిగి, నడుం ఒంచుకుని, "సారీ అండీ, సారీ," అంటూ లేని పూలకు తగలకుండా చివరిదాకా నడిచాడు. అంత జాగ్రత్తగా నడిచాక అక్కడ తోట లేదనడానికి ఆయనకు నోరు రాలేదు.

"తోట ఉందయ్యా. ఇంకా ఆట మొదలవలేదంతే. చలి పోయాక వస్తాను. అప్పటికీ తెర లేవకపోతే సిమెంటే," అని వెళ్ళిపోయాడు.

ఇక బాబాయికి కంటిమీద కునుకు కరువైంది. ఆడుతూ పాడుతూ నాటిన దుంపలే గుండె మీద కూర్చున్నాయి. ఆమె అడిగిన ఒక్క కోరికా స్కూటర్ల పాలైతే ఎలాగని లోలోపల ఏడ్చాడు.

ఎండలు మొదలైన ఒక ఉదయం మట్టిలోంచి ఆకుపచ్చని మొనలు పైకొచ్చాయి, ఒక్కోచోట నాలుగైదు, వేళ్ళలాగా. పిన్ని కిటికీ తీసి చూసి నిట్టూర్చింది.

"మళ్ళీ చేతులేనా నా మొహాన."

"ఆగవే. మొహాలు వెనకాల వస్తున్నాయి."

వచ్చాయి. ముందుగా మొదటి వరుసలో ఒకటి కిటికీ వైపు తిరిగి విచ్చుకుంది. తర్వాత వరుసలకు వరుసలే విచ్చుకున్నాయి. ఆఫీసరు వచ్చి చూసి, సెక్రటరీని సిమెంటు మాట ఇక మరిచిపొమ్మన్నాడు. వెళ్ళేటప్పుడు అలవాటుగా ఒంగి వెళ్ళాడు.

ఆ సాయంత్రం బాబాయి ఎప్పట్లాగే టార్చి పుచ్చుకుని నడవ మొదట్లో నిలబడ్డాడు. కిటికీ దగ్గర పిన్ని రెండో కుర్చీ వేసింది. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి.

"అందరూ కూర్చున్నారు," అంది. "ఇక ఆ లైటు ఆర్పేసి లోపలికి రండి."

ఎవరైనా ఆలస్యంగా వస్తారేమోనని బాబాయి గేటు వైపు ఒకసారి చూశాడు. ఎవరూ లేరు. టార్చి ఆర్పి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.