బంతి విసరడం వేరు, విసరడం నేర్పడం వేరు

మొన్న ఆదివారం ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన ఎష్‌బోర్న్‌లో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం. ఈమధ్య జర్మనీలో కూడా అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి బాగా ముదిరింది. ఒకప్పుడు ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే తప్ప, రెండు కొసలూ కోసుగా ఉండి చేత్తో విసిరే బంతి ఒకటుంటుందని చాలామందికి తెలియదు. ఇప్పుడు మా అల్లుడి ఆఫీసులో సోమవారం పొద్దున కాఫీ దగ్గర ఆ కబుర్లేనట. టీవీలో కోట్లు వేసుకున్న నలుగురు పెద్దమనుషులు కూర్చుని, ఈమధ్యే ఆట మానేసిన ఒక పేరుమోసిన క్వార్టర్‌బ్యాక్‌ను ఏకంగా ఒక జట్టుకు కోచ్‌గా పెడుతున్నారని, ఇంతకు మించిన ఎంపిక ఉండదని ఒకరిని మించి ఒకరు పొగుడుతున్నారు.

మా అల్లుడు వరంగల్ పిల్లాడు, నెమ్మదస్తుడు. నన్ను కూడా మాటల్లోకి దింపుదామని కాబోలు, "అంత పెద్ద ప్లేయర్‌కు కోచింగ్ ఒక లెక్కనా అత్తమ్మా? గేమ్ మొత్తం ఆయన బ్లడ్‌లనే ఉన్నది కదా" అన్నాడు.

"రక్తంలో ఉన్నది పక్కవాడికి ఎక్కించడానికి కోచింగేమన్నా బ్లడ్ బ్యాంకా బాబూ?" అన్నాను. నేననుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది మాట. పాపం అతను టీవీ సౌండు తగ్గించి నా మొహంలోకి చూశాడు. ఈ ముసలావిడకు క్వార్టర్‌బ్యాక్‌ల మీద ఇంత కోపమేమిటా అని అతనికి ఆశ్చర్యం. అతనికి సగమే చెప్పగలిగాను. మిగతాది నా ఈడువాళ్లకైతే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టుకు పెళ్లికొడుకు లాంటివాడు. బంతి ముందు అతని చేతికే వస్తుంది. ఎదుటి జట్టులో కొండల్లాంటి మనుషులు మీదికి ఉరికొస్తుంటే, రెండు మూడు ఊపిర్ల వ్యవధిలో ఎవరికి విసరాలో తేల్చుకుని విసిరెయ్యాలి. గెలిస్తే అతన్నే భుజాల మీద ఎత్తుకుంటారు. మిగిలిన పదిమందీ ఫొటోలో వెనకవరస.

నేను నరసాపురం వైపు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, డెబ్బయ్యో దశకం చివర్లో ఇక్కడికొచ్చి, తర్వాత ఫిజియోథెరపీ చదువుకున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఒక చిన్న ఊళ్లో మావారికి ఉద్యోగం, నాకు ఆసుపత్రిలో పని. కొన్నాళ్లకు మా తమ్ముడు ఇంజినీరింగ్ చదవడానికి వచ్చి మా ఇంట్లోనే దిగాడు. భీమవరం కాలేజీలో వాలీబాల్ ఆడిన కుర్రాడు, పొడుగు చేతులు, ఇక్కడికొచ్చాక భాష రాక, చలికి తాళలేక, ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని నీరసించిపోయేవాడు. తోటి విద్యార్థి ఒకడు వాణ్ణి ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ ఫెరైన్‌కు, అంటే క్లబ్బుకు, తీసుకెళ్లాడు. దగ్గర్లో అమెరికా సైనికుల శిబిరం ఉండేది, ఆ ఆట అక్కణ్ణుంచే ఊళ్లోకి పాకింది. నేను కూడా శనివారాలు వెళ్లి, జీతం నాతం లేకుండా, ఆ పిల్లల చీలమండలకు పట్టీలు వేస్తుండేదాన్ని.

అక్కడ పిల్లలకు ఆట నేర్పేది ఒక లెక్కల మాస్టారు. ఊరి బళ్లో పాఠాలు చెప్పి సాయంత్రానికి మైదానానికి వచ్చేవాడు. అతను కూడా క్వార్టర్‌బ్యాకే, కానీ రెండో క్వార్టర్‌బ్యాక్. మొదటివాడికి దెబ్బ తగిలితే దిగాలి. మొదటివాడికి దెబ్బ తగలలేదు. ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చుని ఆట మొత్తం చూసినవాడు అతను. మా తమ్ముడి వెనక నిలబడి, మోచేయి పట్టుకుని, "బంతి చేత్తో విసరం, కాలితో విసురుతాం. ముందు ఎడమ పాదం ఎటు చూస్తోందో చెప్పు" అనేవాడట. పాదం, తర్వాత నడుము, తర్వాత భుజం, చివరికి వేళ్లు. తప్పు విసిరితే తిట్టడు. తప్పు ఎక్కడ మొదలైందో అడుగుతాడు. ఒక్క శీతాకాలంలో మా తమ్ముడి బంతి గిరగిరా తిరుగుతూ తిన్నగా పోవడం మొదలైంది. ఇంట్లో నవ్వు వినబడింది. నాకు అది చాలు.

ఆ మొదటి క్వార్టర్‌బ్యాక్, జట్టుకు అసలు నాయకుడు, సైన్యం వదిలి ఇక్కడి అమ్మాయిని పెళ్లాడి స్థిరపడ్డ అమెరికన్. నిజం చెప్పాలి, అతను విసిరితే కళ్లు తిప్పుకోలేకపోయేవాళ్లం. ఊరి పేపర్లో అతని బొమ్మ, రొట్టెల దుకాణం అద్దం మీద అతని బొమ్మ. అతను ఆట నుంచి తప్పుకున్న రోజున ఊరంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. ఆ తర్వాతి వారమే ఫెరైన్ కమిటీ కూర్చుని, అందరూ చేతులెత్తి, అతన్ని ప్రధాన కోచ్‌ను చేసేసింది. మాస్టారిని మాత్రం బంతులూ హెల్మెట్లూ చూసుకొమ్మన్నారు! తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండిపోతుంది. ఇన్నాళ్లూ నేర్పినవాడు సామాన్ల గదికి, ఒక్కరికి ఒక్క ముక్క నేర్పనివాడు మైదానం నడిబొడ్డుకు.

ఇలాంటిది నాకు కొత్త కాదు. మా ఊరి చర్చిలో మా పెద్దమ్మ పాడితే ప్రార్థనకొచ్చినవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. అందుకని పిల్లల పాటల బృందాన్ని ఆవిడకే అప్పగించారు. ఆవిడ నేర్పడమంటే, "ఇలా పాడాలమ్మా" అని తనే పాడెయ్యడం. మేం అలా పాడలేక బిక్కమొహం వేస్తే ఆవిడకు విసుగు. చివరికి మాకు స్వరం పట్టించింది బొంగురు గొంతు హార్మోనియం మావయ్యే. పేరు మాత్రం పెద్దమ్మకు వచ్చింది.

ఇక్కడా అదే తంతు. పాదం ఎటు పెట్టాలని మా తమ్ముడు అడిగితే కొత్త కోచ్ తెల్లబోయేవాడు. "పాదమా? చూడాలి, విసరాలి, అంతే" అని తనే బంతి అందుకుని మైదానం ఆ చివరికి విసిరేవాడు. అందరూ ఆహా అనేవారు. "అదీ, అలాగ" అనేవాడు కోచ్. రోజూ అదే. శిక్షణ కాస్తా అతని ప్రదర్శన అయిపోయింది. మా తమ్ముడు అతన్ని చూసి మోచేయి పైకెత్తి, నడుము వదిలేసి, భుజం ఒక్కదానితో విసరడం మొదలుపెట్టాడు. నెల తిరక్కముందే రాత్రిళ్లు భుజం పట్టుకుని కూర్చునేవాడు. నేను చేత్తో తడిమి చూసి, కొన్ని వారాలు బంతి ముట్టవద్దన్నాను. ఆ శనివారం కోచ్ దగ్గరికే వెళ్లి అదే మాట చెప్పాను.

"ఇంతకంటే ఎక్కువ నొప్పితో నేను ఆడాను" అన్నాడు, అందరి ముందూ. మా తమ్ముడి మొహం ఎర్రబడింది. ఆ మాట విన్నాక ఏ కుర్రాడు నాకు నొప్పి అని చెప్పుకుంటాడు? నన్ను పక్కకు లాగి, "అక్కా, నువ్వు ఊరుకో, నా పరువు తియ్యకే" అన్నాడు.

ఆ తర్వాతి మ్యాచ్‌లోనే అయింది. వాన పడుతోంది. దూరంగా పరిగెడుతున్నవాడికి విసరబోయి, బంతి చేతిలోంచి జారిపోయి, మావాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఎవరూ తగలనేలేదు. నేను బురదలో పరిగెత్తుకెళ్లేసరికి, "అక్కా, చెయ్యి లేవట్లేదే" అన్నాడు తెలుగులో, చిన్నపిల్లాడిలా. భుజం కీలును పట్టి ఉంచే స్నాయువు తెగిపోయింది. ఆపరేషన్ చేశారు. రాసుకోవడం, అన్నం తినడం వచ్చాయి గానీ ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు. నరసాపురంలో అమ్మకు జారిపడ్డాడని చెప్పాం.

కోచ్ ఆసుపత్రికి వచ్చాడు. నాలుగు మాటలు కడిగేద్దామని గుమ్మంలోనే నిలబడ్డాను. అతను నా వంక చూడకుండా మంచం పక్కన కుర్చీలో కూలబడి, "నేనెలా విసురుతానో నాకు నిజంగా తెలియదు. చిన్నప్పటి నుంచీ ఎవరూ అడగలేదు" అన్నాడు. ఆ మనిషి అబద్ధమాడటం లేదు. అతనికి రాని పని అతని నెత్తిన పెట్టింది ఎవరు? నా కోపం దారి మళ్లింది.

కమిటీ సమావేశానికి వెళ్లాను. నా జర్మన్ అప్పటికి అంతంతమాత్రం, కోపమొస్తే ఇంకా అధ్వాన్నం. అయినా లేచి నిలబడి, మాస్టారు నేర్పినన్నాళ్లూ నా దగ్గరికి భుజం నొప్పితో ఒక్కడు రాలేదనీ, ఇప్పుడు ముగ్గురున్నారనీ, కోచ్‌గా మళ్లీ మాస్టారినే ఎందుకు పెట్టరనీ అడిగాను. అధ్యక్షుడు మర్యాదగా విని, మర్యాదగానే జవాబిచ్చాడు: "మీరన్నది నిజమే కావచ్చు మేడమ్. కానీ పోస్టర్ మీద మాస్టారి బొమ్మ వేస్తే చూడ్డానికి ఎవరొస్తారు?"

అదీ సంగతి. వాళ్లకు కావలసింది కోచ్ కాదు, పోస్టర్. ఆ సీజన్ జట్టు ఓడి కింది శ్రేణికి పడిపోయింది, కోచ్ తనంతట తనే తప్పుకున్నాడు. అప్పుడైనా మాస్టారిని పిలిచారా అంటే, లేదు. పక్క ఊళ్లో పేరుమోసిన మరో ఆటగాణ్ణి వెతికి తెచ్చారు!

మాస్టారు మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. కేకు ముక్క కట్టించుకుని వచ్చి, మావాడి ఎదురుగా కూర్చుని, బల్ల మీద గ్లాసులు మనవాళ్లు, చెంచాలు ఎదుటివాళ్లు అని పేర్చి, ఈ చెంచా ఇటు ఉరికితే ఏ గ్లాసుకు అడ్డు తొలగి బంతి విసరొచ్చో చెప్పమనేవాడు. మొదట్లో మావాడు మొహం తిప్పుకునేవాడు. కొన్ని నెలలకు ఇద్దరూ వాదించుకుంటుంటే నాకు అన్నం వడ్డించడానికి బల్ల ఖాళీ దొరికేది కాదు. చదువైపోయి ఉద్యోగం మీద ఫ్రైబర్గ్ వెళ్లాక, మావాడు అక్కడి పిల్లల జట్టుకు నేర్పడం మొదలుపెట్టాడు. విసిరి చూపించలేని కోచ్! చూపించలేడు కాబట్టి చెప్పాలి, చెప్పాలంటే ముందు తను ఆలోచించాలి. వాడి దగ్గర నేర్చుకున్నవాళ్లు పెద్ద జట్లలో ఆడారు. పెద్ద జట్టుకు కోచ్ పదవి ఖాళీ అయినప్పుడల్లా మాత్రం వీణ్ణి దాటి ఎవరో ఒక మాజీ వీరుణ్ణి తెచ్చుకునేవారు. "పోనీలేవే అక్కా, నా దగ్గరికి పిల్లలొస్తారు కదా" అనేవాడు. వాడికి లేని కోపం నాకెందుకని మావారు నవ్వేవారు. వాడికి లేదు కాబట్టే నాకుంది!

పోయిన చలికాలం మాస్టారు కన్నుమూశాడు. ఊరి పేపర్లో రెండు లైన్లు వేశారు, అందులో ఫుట్‌బాల్ మాటే లేదు. కానీ చర్చి నిండిపోయింది. నడివయసు దాటిన మగవాళ్లు, బట్టతలలు, కళ్లజోళ్లు, వరసల వెంబడి. ఫ్రైబర్గ్ నుంచి మావాడు రైల్లో వచ్చాడు. ఆ అమెరికన్ కూడా కర్ర పట్టుకుని వచ్చి చివరి బల్ల మీద కూర్చున్నాడు. మావాడు వెళ్లి అతని పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఇప్పుడు ఆ మైదానంలో కృత్రిమ గడ్డి, దీపాలు, మెట్లు మెట్లుగా కుర్చీలు. పిల్లలు ఫోన్లలో మహావీరుల విసుర్లు చూసి, గాల్లో చేతులు తిప్పుకుంటూ వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటున్నారు. తప్పు లేదు, కాలం అలాంటిది. గొప్పగా ఆడినవాళ్లలో గొప్పగా నేర్పేవాళ్లు ఉండరని నేననను, ఉండే ఉంటారు. కానీ ఒక కుర్రాడి వెనక నిలబడి, వాడి మోచేయి పట్టుకుని, తప్పు ఎక్కడ మొదలైందో ఓపిగ్గా వెతికే మనుషులు మన రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఒకరుండేవారు. వాళ్లకు చప్పట్లు కొట్టడం మనకు అప్పుడూ తెలియలేదు. ఇప్పుడు కొడదామంటే, వాళ్లే కనిపించడం లేదు.