బొట్టు కింద లెవెల్

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే రోజులవి. ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూళ్లలోనూ కంప్యూటరును చదరంగంలో హార్డు లెవెల్లో ఓడించిన మొట్టమొదటి మొనగాడిని నేనే. (మూడూళ్లూ తిరిగి ఎవరూ విచారించలేదనుకోండి.)

అప్పట్లో మదనపల్లెలో ఓ కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ని. మా ఓనరును పిల్లలు ప్రింటరప్ప అనేవాళ్లు. నోరు తెరిస్తే పాత ప్రింటరులా గరగరమంటూ ఆపకుండా మాట్లాడేవాడు. పుంగనూరు నుంచి రోజూ బస్సులో ఒకమ్మాయి వచ్చేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె దగ్గర గొప్ప కోసం, ఈజీ, మీడియం చిన్నపిల్లలకమ్మా, నేను హార్డులో తప్ప ఆడను అని ఓసారి నోరు జారాను. అయితే ఆయుధపూజ నాడు అందరూ ఉంటారు కదా సార్, ఆడి చూపించండి అంది. నిజం చెప్పాలంటే, హార్డులో కంప్యూటరు నన్ను ఇరవై ఎత్తులైనా నిలవనిచ్చేది కాదు.

ఆయుధపూజ నాడు పొద్దున్నే వెళ్లి లెవెల్‌ను ఈజీకి దించాను. చిక్కల్లా, ఈజీ అన్న ముక్క తెర పైమూలన ఆట సాగినంతసేపూ కనిపిస్తుంది. అందుకని పూజ పని నా మీద వేసుకుని, కీబోర్డుకూ ప్రింటరుకూ చిన్న బొట్లు పెట్టి, తెర మూలన మాత్రం రూపాయి బిళ్లంత గంధం పూసి కుంకుమ అద్దాను. (నా భక్తికి ప్రింటరప్ప కళ్లు చెమర్చాయి.) అందరి ముందూ పది నిమిషాల్లో ఆట కట్టించి, బొరుగులు పంచడానికి లేచాను. తిరిగొచ్చేసరికి నా కుర్చీలో ఆమె కూర్చుని ఉంది.

గంటన్నర ఆడింది. ఈజీకే ఇంత ఆయాసమా అని లోలోపల నవ్వుకున్నాను. చివరికి గెలిచింది. చప్పట్లు ఆగకముందే ప్రింటరప్ప, కుప్పంలో జరిగే చదరంగం పోటీకి మన సెంటరు తరఫున ఈమే అని ప్రకటించాడు. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఈజీ గెలుపును నమ్ముకుని ఆమె కుప్పంలో నలుగురి ముందూ తల దించుకుంటే ఆ పాపం నాది. చెబితే పోయే పరువూ నాదే.

పోటీ నాడు ఆమె పుంగనూరులో మా బస్సెక్కింది. ముందు సీట్లో ప్రింటరప్ప నిద్రలోనూ గరగరమంటున్నాడు. పలమనేరు దాటాక ఇక ఉగ్గబట్టలేక బొట్టు సంగతంతా చెప్పేశాను. ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ, “తెలుసు సార్. మీరు బొరుగులు పంచను పొయినప్పుడే నేను హార్డుకు మార్చినా. లేకుంటే గంటన్నర యాల పడతాది?” అంది.

ఆ రోజు కుప్పంలో ఆమె గెలిచిన కప్పులో ఇప్పుడు మా ఇంటి పోపుగింజలుంటాయి. (అవును, ఆమే.) నిన్న ఇదంతా రాసి ఆమె చేతికిచ్చి, అరవై దాటాకైనా నిజం ఒప్పుకున్నాను చూడు అని కాస్త గర్వంగానే అన్నాను. ఎంతైనా, ఈజీలోనైనా గెలిచినవాణ్ని కదా. ఆమె కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా చదివింది.

“ఈజీలో మాత్రం మీరు యాడ గెలిచినారు? మంత్రి పొయినప్పుడల్లా ఎత్తు వెనక్కి తీసుకున్నారు. నాలుగు తూర్లు. మీ వెనకాలే నిలబడి లెక్కబెట్టినా. అదీ రాయండి.”